క్యాజువాలిటీ రిజిస్టర్ నుంచి జర్నల్ దాకా: చిన్న ఆసుపత్రి నుంచి పరిశోధనా పత్రం ప్రచురించడం ఎలా

మహారాష్ట్ర కొంకణ ప్రాంతంలో తేలు కుట్టిన పిల్లలు ఊపిరితిత్తుల్లో నీరు చేరి చనిపోతుంటే, అక్కడ పల్లె ఆసుపత్రిలో పనిచేస్తున్న డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఒక్కొక్కరి వివరాలూ రాసిపెట్టుకున్నారు. ఆ రాతల నుంచే 1982లో లాన్సెట్ అనే పేరున్న వైద్య జర్నల్‌లో ఆయన పేపర్ వచ్చింది. బీపీకి వాడే ప్రజోసిన్ మాత్రతో ఈ పిల్లల్ని కాపాడవచ్చని 1986లో అదే జర్నల్‌లో రాశారు. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ (బీఎంజే)లో ఏకంగా ట్రయల్, అంటే రోగుల మీద చికిత్సలను పోల్చి చూసిన పరీక్ష, ప్రచురించారు. ఇవాళ తేలుకాటు కేసు వస్తే మన డ్యూటీ డాక్టర్లు ప్రజోసిన్ ఇస్తున్నారంటే దాని వెనక ఆ పల్లె ఆసుపత్రి రాతలున్నాయి.

అదే మహారాష్ట్రలో బారామతి అనే చిన్న పట్టణం ఉంది. పురుగుమందు తాగిన 200 మందికి ప్రాలిడాక్సిమ్ అనే విరుగుడు మందు ఎలా ఇస్తే మేలో పరీక్షించి, అక్కడి డాక్టర్లు 2006లో లాన్సెట్‌లో ప్రచురించారు. తర్వాత 2009లో శ్రీలంక నుంచి వచ్చిన ట్రయల్‌లో ఆ మందు వల్ల లాభం కనిపించలేదు. వాదన ఇంకా తేలలేదు. కానీ ఆ వాదన నడుస్తున్నది పురుగుమందు కేసులు రోజూ చూసే ఊళ్ల మధ్య, అక్కడి లెక్కలతో. అలా జరగడమే సబబు.

ఇక అందరూ చదవాల్సింది ఫీస్ట్ ట్రయల్. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో, వెంటిలేటర్లు లేని ఆసుపత్రుల్లో, తీవ్ర జ్వరంతో రక్తప్రసరణ దెబ్బతిన్న 3,141 మంది పిల్లల మీద చేశారు. సెలైన్ బోలస్, అంటే కొద్దిసేపట్లోనే ఎక్కువ సెలైన్, వేగంగా ఎక్కిస్తే బతుకుతారని అప్పటిదాకా పుస్తకాలన్నీ చెప్పాయి. 2011లో ఫలితం బయటికొచ్చింది: 48 గంటల్లో బోలస్ ఇచ్చిన పిల్లల్లో నూటికి దాదాపు పదిన్నర మంది, బోలస్ ఇవ్వని పిల్లల్లో 7.3 మంది చనిపోయారు. 2017లో జాంబియా రాజధాని లుసాకాలో సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితితో) వచ్చిన పెద్దవాళ్ల మీద చేసిన ట్రయల్‌లోనూ ఇదే తీరు. ఫ్లూయిడ్స్, బీపీ పెంచే మందులతో కూడిన ప్రోటోకాల్ పాటించిన వాళ్లలో 48.1 శాతం, మామూలు చికిత్స పొందిన వాళ్లలో 33 శాతం మరణించారు. ధనిక దేశపు ఐసీయూలో కూర్చుని ఈ సంగతి కనిపెట్టడం సాధ్యం కాదు.

అందుకే మీకు చెబుతున్నాను. వసతులు లేని చోట పనిచేస్తున్నామని పేపర్‌లో తప్పు చేసినవాళ్లలా రాయకండి. ఆ పరిస్థితులను ఉన్నదున్నట్టు, వివరంగా రాయండి. పేపర్‌కు విలువ అక్కడే ఉంటుంది. జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో, కొత్త మెడికల్ కాలేజీల ఎమర్జెన్సీ విభాగాల్లో పనిచేసే డాక్టర్లు, పీజీలు, నర్సింగ్ ఆఫీసర్ల కోసం ఇది రాస్తున్నాను. పాముకాటును ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చివరిదాకా వెళ్దాం.

మొదట, ప్రశ్నను చిన్నది చేయండి

"మా ఆసుపత్రిలో పాముకాటు కేసులు: ఒక అధ్యయనం" అన్నది ప్రశ్న కాదు. ఇలాంటి శీర్షికతో వచ్చిన పేపర్‌ను ఎడిటర్ మొదటి పేజీలోనే పక్కన పెడతారు. ఎంతమంది వచ్చారు, ఎంతమంది మగవాళ్లు, ఎంతమంది రైతులు అన్న పట్టికలు ఇప్పటికే బోలెడున్నాయి.

మీ డ్యూటీలో పదే పదే మిమ్మల్ని ఇబ్బంది పెట్టే విషయమేదో గుర్తు చేసుకోండి. ఉదాహరణకు: రక్తపింజరి కరిచినవాళ్లు ముందు పీహెచ్‌సీకి వెళ్తారు, అక్కడి నుంచి సీహెచ్‌సీకి (కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌కు), చివరికి మీ దగ్గరికి. దార్లో ఎక్కడా యాంటీ స్నేక్ వెనమ్ (పాము విషానికి విరుగుడు) పడదు. మీ దగ్గరికొచ్చేసరికి మూత్రం తగ్గిపోయి ఉంటుంది. ఇందులోంచి ఒక ప్రశ్న తీయండి: "కాటు నుంచి మొదటి డోసు దాకా పట్టిన సమయానికీ, డయాలిసిస్ అవసరం కావడానికీ సంబంధం ఉందా? ఆ ఆలస్యంలో ఎంత భాగం ఇంటి నుంచి మొదటి ఆసుపత్రికి రావడంలో, ఎంత భాగం రిఫరల్‌లో జరుగుతోంది?" దీనికి జవాబు దొరికితే జిల్లా అధికారులు ఏం మార్చాలో కూడా తెలుస్తుంది.

పాముకాటు మీద ఇంత రాశారు, మళ్లీ ఎందుకు అని మీకు అనిపించవచ్చు. 2000 నుంచి 2019 మధ్య దేశంలో సగటున ఏడాదికి 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వచ్చిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. మనం వాడే విరుగుడుకు కావలసిన విషం చాలా మటుకు తమిళనాడులోని ఇరుల పాములవాళ్ల సహకార సంఘం నుంచి వస్తుంది. ఒకే జాతి పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుందని తెలిసిందే. అలాంటప్పుడు ఆదిలాబాద్‌లోనో, ప్రకాశంలోనో ఆ విరుగుడు ఎంత బాగా పనిచేస్తోందో చెప్పగలిగేది అక్కడి డాక్టర్లే. 2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. దానికి కావలసింది ఇలాంటి స్థానిక లెక్కలే.

ప్రశ్న తేలాక, ముందే ఎవరైనా జవాబు చెప్పారేమో పరిశోధనా పత్రాలు వెతికే సైట్లయిన పబ్‌మెడ్‌లో, గూగుల్ స్కాలర్‌లో వెతకండి. పూర్తి పేపర్లు దొరకడం కష్టంగా ఉంటే, మీది ప్రభుత్వ కాలేజీ అయితే లైబ్రేరియన్‌ను వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ గురించి అడగండి. 2025 జనవరి నుంచి 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13 వేల జర్నళ్లు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు దాని ద్వారా అందుతున్నాయి. అది కుదరకపోతే పేపర్ రాసినవాళ్లకే మెయిల్ పెట్టండి. చాలామంది సంతోషంగా పంపిస్తారు.

ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోండి

రోగుల హక్కులకు, భద్రతకు భంగం లేకుండా పరిశోధన జరుగుతుందా అని చూసే కమిటీ ఇది. ఇక్కడ పొరపాటు జరిగితే తర్వాత దిద్దుకోలేరు. డేటా అంతా పోగుచేసి, పేపర్ రాసి, అప్పుడు అనుమతి కోసం వెళ్తే కమిటీ వెనకటి తేదీతో ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. అనుమతి నంబరు లేని పేపర్‌ను మంచి జర్నల్ ఏదీ తీసుకోదు.

పాత కేస్ షీట్ల మీద చేసే అధ్యయనమైతే భయపడాల్సిన పని లేదు. భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం, రోగికి ముప్పు అతి తక్కువగా ఉండి, పేర్లు తీసేసిన పాత రికార్డులను వాడేటప్పుడు సమ్మతి పత్రం అవసరం లేదని కమిటీ మినహాయింపు ఇవ్వవచ్చు. పూర్తి సమావేశం దాకా ఆగకుండా త్వరగా పరిశీలించే పద్ధతి కూడా ఉంది. మీ ప్రోటోకాల్‌లో ఆ మినహాయింపును మీరే స్పష్టంగా అడగండి.

స్పృహ లేని రోగుల మీద కొత్తగా చేసే అధ్యయనం వేరు. సమ్మతి ఎవరు ఇస్తారు, రోగి కోలుకున్నాక మళ్లీ ఎలా అడుగుతారు, వద్దంటే ఏం చేస్తారు అన్నవి ముందే రాసి చూపించాలి. మందుల ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చుకునే ముందే దేశంలోని ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో నమోదు చేయాలి. ఇది ఉచితం. 2018 ఏప్రిల్ నుంచి వాళ్లు ముందస్తు నమోదును మాత్రమే అంగీకరిస్తున్నారు.

మీ ఆసుపత్రికి ఎథిక్స్ కమిటీ లేకపోతే దగ్గర్లోని మెడికల్ కాలేజీ కమిటీతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవచ్చు. ఆ కమిటీకి డిపార్ట్‌మెంట్ ఆఫ్ హెల్త్ రీసెర్చ్‌లో రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి.

డేటా: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

పేపర్ బాగుండేదీ పాడయ్యేదీ ఇక్కడే. ఇంగ్లీషును తర్వాత ఎవరైనా దిద్దుతారు. రాయని సమయాన్ని తర్వాత ఎవరూ పుట్టించలేరు.

ముందుగా ఏ రిజిస్టర్లలో ఏముందో చూడండి. క్యాజువాలిటీ రిజిస్టర్, ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసుల) రిజిస్టర్, వార్డు కేస్ షీట్, ఫార్మసీలో విరుగుడు వయల్స్ ఇచ్చిన పుస్తకం, రోగి తెచ్చిన రిఫరల్ చీటీ, 108లో వస్తే అంబులెన్స్ సిబ్బంది ఇచ్చిన కాగితం. ఒకే రోగి వివరాలు ఈ ఆరు చోట్లా ఉంటాయి, ఒక్కోసారి ఒకదానికొకటి పొంతన లేకుండా. ఏ వివరానికి ఏ రిజిస్టర్‌ను ప్రమాణంగా తీసుకుంటారో మొదలుపెట్టక ముందే రాసుకోండి. విరుగుడు ఇచ్చిన సమయానికి నర్సు రాసిన డ్రగ్ చార్ట్, ఆసుపత్రికి వచ్చిన సమయానికి క్యాజువాలిటీ రిజిస్టర్, ఇలా.

మరీ ముఖ్యంగా, బ్రాట్ డెడ్ కేసులను, అంటే ఆసుపత్రికి చేరేసరికే చనిపోయినవాళ్లను, మరవద్దు. వాళ్లకు కేస్ షీట్ ఉండదు, ఎంఎల్‌సీ రిజిస్టర్‌లో ఒక వరుస మాత్రం ఉంటుంది. కేస్ షీట్లు మాత్రమే చూస్తే దారిలోనే చనిపోయినవాళ్లు మీ లెక్కలోంచి మాయమైపోతారు. ఆలస్యం గురించి చేసే అధ్యయనంలో అందరికంటే ఎక్కువగా లెక్కలోకి రావలసింది వాళ్లే.

ఇప్పుడు కాటు సమయం చూద్దాం. ఎవరూ "19:40" అని చెప్పరు. "దీపాలు పెట్టే వేళ," "రాత్రి అన్నం తిన్నాక," "కోడి కూసే ముందు" అంటారు. కేస్ షీట్‌లో హౌస్ సర్జన్ దాన్ని తనకు తోచిన గంటగా మార్చి రాస్తారు. కాబట్టి మీ షీట్‌లో దీనికి మూడు గడులు పెట్టండి. ఒకదాంట్లో చెప్పిన మాట చెప్పినట్టే. రెండోదాంట్లో గడియారం సమయం. మూడోదాంట్లో ఆ సమయం ఎంత నమ్మదగినదో: గడియారం చూసి చెప్పారా, వేళను బట్టి అంచనా వేశారా, అసలు తెలియదా. దీపాల వేళ అంటే మీ ప్రాంతంలో ఎన్ని గంటలుగా తీసుకుంటారో ఫలితాలు చూడకముందే నిర్ణయించి రాసిపెట్టండి.

కట్లపాము దగ్గర ఇది కూడా సరిపోదు. నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కరుస్తుంది, చాలాసార్లు గాటు కూడా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పితోనో, రెప్పలు వాలిపోయో లేస్తారు. ఇలాంటివాళ్లకు కాటు సమయం ఊహించి రాయకండి. "చివరిసారి బాగున్న సమయం," "లక్షణాలు మొదట గమనించిన సమయం" అని రెండు గడులు పెట్టండి. పక్షవాతం కేసుల్లో ఇప్పటికే ఇలాగే చేస్తున్నాం కదా. ఈ చిన్న జాగ్రత్త మీ పద్ధతుల విభాగంలో కనిపిస్తే, జర్నల్ తరఫున మీ పేపర్‌ను పరిశీలించే, పాముకాటు తెలిసిన రివ్యూయర్‌కు మీ మీద నమ్మకం కుదురుతుంది.

తర్వాత సమస్య, రోగి చివరికి ఏమయ్యాడన్నది. మన దగ్గర లామా (డాక్టర్ల సలహాను కాదని) వెళ్లిపోయేవాళ్లు, హైదరాబాద్‌కో విశాఖకో రిఫర్ అయ్యేవాళ్లు చాలామంది. వాళ్లను "డిశ్చార్జ్" కింద కలిపేస్తే మరణాలు తక్కువ కనిపిస్తాయి, అది అబద్ధమవుతుంది. వాళ్లకు వేరే గడి పెట్టండి. ముందుకు సాగే అధ్యయనమైతే, అంటే ఇకమీదట వచ్చే రోగులను చేర్చుకునేదైతే, చేరినరోజే రెండు ఫోన్ నంబర్లు తీసుకోండి. రోగిది ఒకటి, ఊళ్లో ఉండే బంధువుది ఒకటి. 108లో వచ్చిన గర్భిణుల మీద ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాల్లో చేసి 2016లో బీఎంజే ఓపెన్‌లో ప్రచురించిన అధ్యయనంలో 42వ రోజు దాకా ఫోన్ చేసి కనుక్కున్నారు. మన జనం ఫోన్ ఎత్తుతారు. మర్యాదగా, వాళ్ల మాటలో అడిగితే ఓపిగ్గా చెబుతారు. చనిపోయినవాళ్ల ఇంటికి ఫోన్ చేసే పని మాత్రం కొత్తగా చేరిన హౌస్ సర్జన్‌కు అప్పగించకండి.

కేస్ షీట్ల నుంచి డేటా తీసే పద్ధతి గురించి 1996లోనే ఆన్నల్స్ ఆఫ్ ఎమర్జెన్సీ మెడిసిన్ జర్నల్‌లో ఒక ముఖ్యమైన పేపర్ వచ్చింది. ఎమర్జెన్సీ జర్నళ్లలో వచ్చే పేపర్లలో దాదాపు నాలుగో వంతు కేస్ షీట్ల మీదే ఆధారపడినా, డేటా ఎలా తీశారో చెప్పినవి చాలా తక్కువని అందులో తేల్చారు. రివ్యూయర్లు ఇప్పటికీ అదే చూస్తారు. డేటా తీసేవాళ్లకు శిక్షణ ఇవ్వండి. ప్రతి వేరియబుల్‌కు నిర్వచనం రాసిపెట్టండి. పదో వంతు షీట్లను ఇద్దరు విడివిడిగా తీసి, ఇద్దరి లెక్క ఎంతవరకు కలిసిందో కప్పా విలువతో చెప్పండి. వీలైతే డేటా తీసేవాళ్లకు మీ ప్రశ్న ఏమిటో తెలియకుండా చూడండి.

డేటా ఎక్కించడానికి ఎక్సెల్ కంటే రెడ్‌క్యాప్, కోబో టూల్‌బాక్స్, ఎపికలెక్ట్ లాంటి సాఫ్ట్‌వేర్లు మేలు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చాలావాటిలో తెలుస్తుంది, తప్పుడు తేదీ వేస్తే వెంటనే అడ్డుకుంటాయి. పేరు, ఆధార్, ఫోన్ నంబరు ఒక ఫైల్‌లో, వైద్య వివరాలు ఇంకో ఫైల్‌లో ఉంచి, మధ్యలో ఒక కోడ్ నంబరు మాత్రం పెట్టండి. డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కేస్ షీట్ ఫొటోలు పంపుకోవడం ఈరోజే ఆపేయండి.

స్టాటిస్టీషియన్‌ను ముందే కలవండి

కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో బయోస్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లు ఉంటారు. డేటా అయిపోయాక కాకుండా ప్రోటోకాల్ రాసేటప్పుడే వాళ్లతో కూర్చోండి. డయాలిసిస్ అవసరమైనవాళ్లు 30 మందే ఉంటే, 12 అంశాలను ఒకేసారి మోడల్‌లో పెట్టి ఫలితం చెప్పలేం. ఒక్కో అంశానికి కనీసం 10 ఘటనలు ఉండాలన్నది అందరూ వాడే మోటు లెక్క.

ఇంకో ఉచ్చు కూడా ఉంది. ఎక్కువ వయల్స్ ఇచ్చినవాళ్లలోనే మరణాలు ఎక్కువని మీ లెక్కలో వస్తుంది. దాన్నిబట్టి ఎక్కువ వయల్స్ హాని చేస్తాయని రాసేయకండి. బాగా విషమించినవాళ్లకే ఎక్కువ ఇస్తాం కాబట్టి అలా కనిపిస్తుంది. గమనించి రాసిన అధ్యయనంతో "వల్ల" అని చెప్పలేం, "సంబంధం కనిపించింది" అనే చెప్పగలం.

రాసే వరస

పట్టికలు, బొమ్మలతో మొదలుపెట్టండి. తర్వాత పద్ధతులు, ఫలితాలు. ఆ తర్వాత చర్చ, ఉపోద్ఘాతం. సంక్షిప్తం అన్నిటికంటే చివర. మీ అధ్యయనం తీరును బట్టి ఒక చెక్‌లిస్ట్ దగ్గర పెట్టుకోండి: పరిశీలనా అధ్యయనానికి స్ట్రోబ్, కేస్ రిపోర్ట్‌కు కేర్, ట్రయల్‌కు కన్సార్ట్. మూడూ పేపర్లు రాసే ప్రమాణాలను ఒకచోట ఉంచే ఈక్వేటర్ నెట్‌వర్క్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

పద్ధతుల విభాగంలో "ఎక్కడ చేశాం" అన్న పేరాను మనవాళ్లు ఒక్క వాక్యంలో ముగిస్తారు: "ఈ అధ్యయనం 300 పడకల టెర్షియరీ కేర్ సెంటర్‌లో జరిగింది." చదివే కెనడా డాక్టర్‌కు దీన్నిబట్టి ఏమీ అర్థం కాదు. దీని బదులు మీ ఆసుపత్రిని కళ్లకు కట్టండి. ఊహించి రాసిన ఉదాహరణ ఇది: "మా ఆసుపత్రిలో క్యాజువాలిటీని రాత్రిపూట ఒక డ్యూటీ డాక్టర్, ఇద్దరు నర్సులు చూస్తారు. రాత్రి 8 తర్వాత ల్యాబ్‌లో రక్తం గడ్డకట్టే పరీక్షలు చేయరు, మంచం పక్కనే 20 నిమిషాల పరీక్ష చేస్తాం. రెండు వెంటిలేటర్లున్నాయి. డయాలిసిస్ పగలు మాత్రమే ఉంటుంది. విరుగుడు రోగికి ఉచితం. రిఫర్ చేసే ఆసుపత్రి 140 కిలోమీటర్ల దూరంలో ఉంది." ఇది చదివిన మలావీ డాక్టర్, ఒడిశా డాక్టర్, నేపాల్ డాక్టర్ తమ ఆసుపత్రిని అందులో చూసుకోగలరు. మీ ఫలితం తమకు పనికొస్తుందో లేదో తేల్చుకోగలరు.

పరిమితుల పేరాలోనూ ఇంతే. "మా అధ్యయనానికి కొన్ని పరిమితులున్నాయి" అని క్షమాపణలా రాసి వదిలేయకండి. ఏ లోపం ఫలితాన్ని ఏ వైపు లాగి ఉంటుందో చెప్పండి. రిఫర్ అయినవారిలో నూటికి 20 మంది ఏమయ్యారో తెలియకపోతే, వాళ్లంతా చనిపోయారనుకుంటే లెక్క ఎలా మారుతుంది, అంతా బతికారనుకుంటే ఎలా మారుతుంది, రెండూ వేసి చూపించండి.

ఇంగ్లీషు గురించి టెన్షన్ పడకండి. చిన్న వాక్యాలు రాస్తే చాలు. ఆలోచన ముడిపడిపోయినప్పుడు పేరాను తెలుగులో పక్కవాళ్లకు చెప్పి చూడండి, చిక్కు ఎక్కడుందో తెలిసిపోతుంది. ఏఐ టూల్‌తో భాష దిద్దించుకుంటే జర్నల్ అడిగిన చోట ఆ మాట రాయండి, అది ఇచ్చిన రిఫరెన్సులను మాత్రం ఒక్కొక్కటీ తెరిచి చూడకుండా వాడొద్దు. లేని పేపర్లను ఉన్నట్టు పుట్టిస్తుంది. మొదటిసారి రాస్తున్నవారికి ఆథర్ఎయిడ్ అనే ఉచిత వేదికలో అనుభవమున్న మెంటర్లు దొరుకుతారు. ఆఫ్రికన్ జర్నల్ ఆఫ్ ఎమర్జెన్సీ మెడిసిన్ అయితే కొత్త రచయితలకు సీనియర్లను జతచేసే ఆథర్ అసిస్ట్ పథకాన్నే నడిపింది. మన దేశపు జర్నళ్లు కూడా అలాంటిది మొదలుపెడితే ఎంత మేలో.

ఎవరి పేర్లు, ఏ వరసలో

డేటా మొదలుపెట్టే రోజే కూర్చుని మాట్లాడి, కాగితం మీద రాసుకోండి. అంతర్జాతీయ మెడికల్ ఎడిటర్ల కమిటీ నియమాల ప్రకారం రచయిత అనిపించుకోవాలంటే నాలుగూ ఉండాలి: పనిలో గణనీయమైన పాత్ర, రాయడంలోనో దిద్దడంలోనో పాలుపంచుకోవడం, చివరి ప్రతికి ఆమోదం, పేపర్‌లో ఉన్నదానికి జవాబుదారీతనం. హోదాను బట్టి పేరు పెట్టడం ఇందులో లేదు. రాత్రుళ్లు కూర్చుని డేటా తీసిన పీజీ పేరు, సమయాలు సరిగ్గా రాయించిన సీనియర్ నర్సింగ్ ఆఫీసర్ పేరు కృతజ్ఞతల వరసకు నెట్టేయడం మన దగ్గర చాలాసార్లు జరుగుతోంది, అది అన్యాయం. వాళ్లకు డ్రాఫ్ట్ పంపండి, దిద్దే అవకాశం ఇవ్వండి. అప్పుడు నాలుగు నియమాలూ వాళ్లకూ వర్తిస్తాయి.

విదేశీ యూనివర్సిటీ వాళ్లు కలిసి చేద్దామని వస్తే సంతోషమే. అమెరికా, బ్రిటన్లలో స్థిరపడ్డ మన తెలుగు డాక్టర్లు ఎందరో నిజాయితీగా ఈ పని చేస్తున్నారు. అయితే ముందే తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ప్రశ్న ఎవరిది? డేటా ఎక్కడ ఉంటుంది? మొదటి పేరు, చివరి పేరు ఎవరివి? మన పీజీకి లెక్కలు చేయడం నేర్పుతారా, లేక ఫైల్ పంపించమంటారా? డేటా ఇక్కడ పోగుచేసి, పేపర్ అక్కడ రాసి, మన పేర్లు మధ్యలో ఇరికించే పద్ధతిని ఇప్పుడు జర్నళ్లే ప్రశ్నిస్తున్నాయి. స్థానిక రచయితల పాత్ర ఏమిటో వివరించమని కొన్ని అడుగుతున్నాయి కూడా. విదేశీ నిధులతో, విదేశీ భాగస్వాములతో చేసే పనికి హెల్త్ మినిస్ట్రీ స్క్రీనింగ్ కమిటీ అనుమతి అవసరమవుతుంది. దానికి పట్టే సమయాన్ని లెక్కలో వేసుకోండి.

జర్నల్ ఎంచుకోవడం, డబ్బు సంగతి

మీ ఫలితం ఎవరికి ఉపయోగమో ఆ పాఠకులు చదివే జర్నల్‌ను ఎంచుకోండి. జర్నల్ ఆఫ్ ఎమర్జెన్సీస్ ట్రామా అండ్ షాక్, ఇండియన్ జర్నల్ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్, ఆఫ్రికన్ జర్నల్ ఆఫ్ ఎమర్జెన్సీ మెడిసిన్, ప్రజారోగ్య కోణం ఉంటే బులెటిన్ ఆఫ్ ది వరల్డ్ హెల్త్ ఆర్గనైజేషన్. ఈ చివరిది రచయితల నుంచి డబ్బు తీసుకోదు. మూడు జర్నళ్ల పేర్లు వరసగా రాసిపెట్టుకోండి. మొదటిది తిప్పి పంపితే వారంలోపు రెండోదానికి పంపేలా సిద్ధంగా ఉండండి. తిరస్కరణ అందరికీ వస్తుంది.

పేదదేశాల రచయితలకు ప్రచురణ ఫీజు మాఫీ ఉంటుందని విని ఆశపడితే మనకు నిరాశే ఎదురవుతుంది. చాలా సంస్థలు మాఫీకి తీసుకునే దేశాల జాబితాలో భారత్ ఉండదు. ఉదాహరణకు బీఎంసీ అనే ప్రచురణ సంస్థ పెట్టుకున్న నియమం ప్రకారం తక్కువ ఆదాయ, దిగువ మధ్య ఆదాయ దేశాలకు మాఫీ గానీ రాయితీ గానీ ఉంది, కానీ జీడీపీ 20 వేల కోట్ల డాలర్లకు లోపు ఉండాలి. ప్రపంచ బ్యాంకు లెక్కలో మనది దిగువ మధ్య ఆదాయ దేశమే అయినా, జనాభా పెద్దది కాబట్టి జీడీపీ ఆ గీత దాటేసింది. దేశం మొత్తం జీడీపీ చూసి జిల్లా ఆసుపత్రి డాక్టర్ జేబును లెక్కగట్టడం సరైన పద్ధతి కాదని నా గట్టి అభిప్రాయం. అయినా దారులున్నాయి. పేపర్ పంపేటప్పుడే, అంటే అంగీకారం రాకముందే, గ్రాంటు లేదని చెప్పి ప్రత్యేక రాయితీ కోరండి. చందాతో నడిచే జర్నల్ అయితే ఓపెన్ యాక్సెస్ (రచయిత ఫీజు కడితే పాఠకులు ఉచితంగా చదివే పద్ధతి) ఎంచుకోకుండా ఉచితంగా ప్రచురించవచ్చు. జర్నల్ అనుమతిస్తే మెడ్‌ఆర్కైవ్ సైట్‌లో ప్రీప్రింట్ (జర్నల్‌లో రాకముందు ప్రతి) పెట్టండి, ఎవరైనా చదువుకోగలుగుతారు.

"డియర్ డాక్టర్, మీ గొప్ప పేపర్‌ను మా జర్నల్‌కు ఆహ్వానిస్తున్నాం, నాలుగు రోజుల్లో ప్రచురణ" అంటూ మెయిల్స్ వస్తాయి. ప్రమోషన్ తేదీ దగ్గరపడినప్పుడు ఇవి బాగా ఆకర్షిస్తాయి. వాటి జోలికి పోకండి. హైదరాబాద్ నుంచి నడిచిన ఓమిక్స్ సంస్థ రచయితలను మోసగించిందన్న కేసులో 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. అలాంటి చోట వేసిన పేపర్‌ను వెనక్కి తీసుకోవడం కష్టం, ఇంకో జర్నల్‌కు పంపడమూ కుదరదు. మీ రోగుల వివరాలు వృథా అయిపోతాయి. అనుమానం వస్తే జర్నల్ పేరును డీఓఏజే (ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల జాబితా)లో, మెడ్‌లైన్ (ఎంపిక చేసిన వైద్య జర్నళ్ల సూచిక)లో మీరే వెతకండి. జర్నల్ సైట్‌లో వేసుకున్న లోగోలను నమ్మొద్దు. పబ్‌మెడ్‌లో ఒక పేపర్ కనిపించినంత మాత్రాన ఆ జర్నల్ మెడ్‌లైన్‌లో ఉన్నట్టు కాదు. ప్రమోషన్ కోసమైతే నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్ఎంసీ) తాజా నియమాల్లో ఏ ఇండెక్సింగ్ చెల్లుతుందో పంపేముందే చూసుకోండి.

రివ్యూయర్లకు జవాబు

ప్రతి వ్యాఖ్యనూ ఎత్తిరాసి, కింద జవాబు, పేపర్‌లో మార్చిన చోటు పేజీ, లైన్ నంబర్లతో ఇవ్వండి. మన పేపర్లకు తరచూ వచ్చే ప్రశ్న: "కరిచిన పాము జాతిని ల్యాబ్ పరీక్షతో ఎందుకు నిర్ధారించలేదు? ఐఎన్ఆర్ విలువలు ఎందుకు లేవు?" (ఐఎన్ఆర్ అంటే రక్తం గడ్డకట్టే తీరును ల్యాబ్‌లో కొలిచే పరీక్ష.) చదవగానే కోపం వస్తుంది. ఒకరోజు ఆగండి. తర్వాత ఇలా రాయండి: "విషాన్ని బట్టి పాము జాతిని గుర్తించే పరీక్ష మా ఆసుపత్రిలో అందుబాటులో లేదు. అందువల్ల రోగులను లక్షణాలను బట్టి, రక్తం మీద ప్రభావం చూపినవి, నరాల మీద ప్రభావం చూపినవి అని విభజించాం. రాత్రివేళ ఐఎన్ఆర్ చేసే వీలు లేక 20 నిమిషాల పరీక్ష వాడాం. ఈ పరీక్ష తేలికపాటి కేసులను గుర్తించలేకపోవచ్చు, కాబట్టి వాటి సంఖ్య మా లెక్కలో తక్కువగా ఉండవచ్చు. ఈ మాటను పరిమితుల్లో చేర్చాం." ఇందులో బతిమాలడం లేదు, వాదులాట లేదు. చేయలేని పరీక్షను చేశామనీ చెప్పలేదు. రివ్యూయర్ అడిగింది మీ పరిస్థితుల్లో అసాధ్యమైతే మర్యాదగా కారణం చెప్పి నిలబడవచ్చు, ఎడిటర్లు దాన్ని గౌరవిస్తారు.

ప్రూఫ్‌లు (అచ్చుకు ముందు సరిచూసే ప్రతులు) వచ్చినప్పుడు అందరి పేర్ల స్పెల్లింగ్, ఇంటిపేర్ల క్రమం జాగ్రత్తగా చూడండి. మన ఇంటిపేరు ముందుంటుంది, వాళ్ల పద్ధతిలో వెనకుంటుంది. ఒక్కో పేపర్‌లో ఒక్కోలా పడితే మీ పేపర్లన్నీ ఒక చోట దొరకవు. పరిశోధకులకు ఇచ్చే ఆర్కిడ్ (ORCID) అనే గుర్తింపు నంబరు తీసుకుంటే ఈ చిక్కు తీరుతుంది, అది ఉచితం.

పేపర్ వచ్చాక ఒక పేజీలో సారాంశం తెలుగులో రాయండి. ఎన్ని కేసులు, ఆలస్యం ఏ మండలం నుంచి ఎక్కువ, ఏ పీహెచ్‌సీల్లో విరుగుడు నిల్వ ఉంటే ఎంత సమయం కలిసొచ్చేది. దాన్ని సూపరింటెండెంట్ ద్వారా డీఎంహెచ్‌ఓకు పంపండి, మీకు కేసులు రిఫర్ చేసే పీహెచ్‌సీ డాక్టర్లకూ, 108 జిల్లా సిబ్బందికీ ఇవ్వండి. వానాకాలం మొదలయ్యేలోపు, అంటే మే నెలాఖరుకల్లా, అది వాళ్ల చేతికి అందాలి.